అంగలాయన కొలిచిన పట్నం

మున్సిపాలిటీ పన్నుల సెక్షన్‌లో ఆయన్ని అసలు పేరుతో పిలిచి ఎన్నేళ్ళయిందో జీతాల గుమస్తాకే తెలియాలి. మిగతా అందరికీ ఆయన అంగలాయన. ఇళ్ళ కొలతలు రాయడం ఆయన ఉద్యోగం. కొత్త ఇల్లు లేచిందంటే చాలు, వెళ్ళి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, ఎన్ని అంగలు పట్టాయో లెక్కపెట్టి, అంగకు రెండున్నర అడుగుల చొప్పున హెచ్చవేసి పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఆ కొలతను బట్టి ఇంటి విలువ, విలువను బట్టి పన్ను. ముప్పై మూడేళ్ళుగా ఇదే పని.

టేపు లేదా అంటారేమో. లేకేం, భేషుగ్గా ఉంది, బీరువాలో. కాకపోతే టేపు పట్టాలంటే రెండో కొసన ఇంకో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషి పోస్టు కోసం ఈయన చేరిన ఏడాదే కాగితం పైకి వెళ్ళింది, ఇంతవరకూ కిందికి దిగలేదు. అందుకని చేరిన రోజునే అప్పటి పై అధికారి ఈయన్ని ఆఫీసులో సమావేశాలు జరిగే పెద్ద హాల్లోకి తీసుకెళ్ళి, ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించాడు. అరవై అడుగుల హాలు. సరిగ్గా ఇరవై నాలుగు అంగలు పట్టింది. పెద్దాయన మురిసిపోయి, ఇకమీదట నీ కాళ్ళే ఆఫీసు టేపు, జాగ్రత్తగా చూసుకోమన్నాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా అంగలాయన మొహం వెలిగిపోయేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనిషి పని దొంగ కాదు. పైసా ముట్టి ఎరగడు. ఆయనకున్నదల్లా ఒకటే జబ్బు, పట్టపగలు కలలు కనడం. సొంతిల్లు లేదు. చెప్పుల దుకాణం మీద రెండు గదుల్లో అద్దెకుండేవాడు. అందుకని ఏ ఇంటికి కొలతకు వెళ్ళినా, నడుస్తున్నంతసేపూ ఆ ఇంట్లో కాపురం పెట్టేసేవాడు. మూడో అంగ దగ్గర కిటికీ వస్తే అక్కడ భార్య కుట్టుమిషను. ఆరో అంగ దగ్గర చల్లటి గోడ తగిలితే అక్కడ తన పడక కుర్చీ. తొమ్మిదో అంగకల్లా ఆవిడా తనూ ఆ ఇంట్లో ముసలివాళ్ళయిపోయి, వానను చూస్తూ కూర్చునేవాళ్ళు. గోడ రాగానే కల ఆపి, అంకె వేసుకుని, ఇంటివాళ్ళకు దండం పెట్టి బయటపడేవాడు. అలా ఆ పట్నంలో పదకొండు వేల ఇళ్ళలో కాపురం చేశాడు.

ఇంట్లో ఈ కాపురాల కబుర్లన్నీ భార్యకు చెప్పేవాడు. ఆవిడ బట్టలు ఆల్టర్ చేసేది. పళ్ళ మధ్య దారం పట్టుకుని, ఊఁ కొడుతూ వినేది. ఈ మధ్య కట్టే ఇళ్ళు ఎంత విశాలంగా ఉంటున్నాయో, కింది వీధిలోనైతే మరీనూ, నడుస్తుంటే గోడ రానే రాదు, ఎంత కలైనా పట్టేస్తుంది అని ఆయన పరవశించిపోతుంటే, తాను ఆ వీధికి జాకెట్లు ఇవ్వడానికి వెళ్తే మోకాళ్ళు మంచాలకు తగిలాయని ఒకసారి అన్నది. ఆయన చెవికెక్కలేదు.

కింది వీధిలో ఒక ఇస్త్రీ అతను ఉన్నాడు. మూడేళ్ళ కిందట చెమటోడ్చి ఒక్క గది కట్టుకున్నాడు. పన్ను కాగితం వచ్చాక దాన్ని పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. తన గదిలో నాలుగు మంచాలకు మించి పట్టవనీ, కాగితంలో ఉన్న గదిలో ఆరు వేసుకోవచ్చనీ, ఆ మిగతా జాగా ఎక్కడుందో చూపిస్తే అద్దెకిచ్చుకుంటాననీ అన్నాడు. సెక్షనంతా నవ్వింది. మంచాలతో కొలిస్తే ఎలాగయ్యా అని అంగలాయన కూడా నవ్వి పంపించేశాడు. ఇస్త్రీ అతను మళ్ళీ రాలేదు. పొద్దున్నే ఇంకో గంట ముందు పెట్టెలో బొగ్గులు వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఇదిలా ఉండగా పన్నుల మీద పేచీలు ఎక్కువై, పట్నంలోని ఇళ్ళన్నిటికీ కొత్తగా విలువ కట్టడానికి బయటి మనిషిని పిలవాలని కౌన్సిల్ సభ్యులు తీర్మానం చేశారు. అంగలాయనకు తల కొట్టేసినట్టయింది. అప్పటికి రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. ముప్పై మూడేళ్ళు కాపురం చేసిన వాడి దగ్గరికి ఇప్పుడు పెళ్ళిచూపులకు వస్తారా అని మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

వచ్చినావిడకు ముప్పై అయిదేళ్ళుంటాయి. వేరే ఊరి వాల్యుయరు, ఇళ్ళకు విలువ కట్టడమే ఆవిడ పని. భుజాన సంచీ, చేతిలో సబ్బుబిళ్ళంత డబ్బా. గోడకు ఆనించి నొక్కితే అవతలి గోడ మీద ఎర్రటి చుక్క పడుతుంది, డబ్బా మీద కొలత వస్తుంది. అంతే. నడక లేదు, కల లేదు. పుస్తకాలు మోసుకుని ఆవిడ వెంట తిరగమని కమిషనరు ఈయనకు పని పురమాయించాడు.

మొదటి వారం పై వీధులు చూశారు. అవి ఈయన కుర్రతనంలో కొలిచిన ఇళ్ళు. డబ్బా చెప్పిందీ పుస్తకం చెప్పిందీ అంగుళాల తేడాతో కలిశాయి. వాల్యుయరు ఆశ్చర్యపోయి, టేపు లేకుండానే ఇంత కచ్చితంగా ఎలా కొలిచారని అడిగింది. ఆయన గాల్లో తేలిపోయాడు. ఆ ఇళ్ళలో ఏ కిటికీ దగ్గర ఏ కుర్చీ వేసుకున్నాడో కూడా ఆవిడకు చెప్పాలనిపించింది గానీ, బాగుండదని ఊరుకున్నాడు.

రెండో వారం కింది వీధులకు దిగారు. ఒక్క ఇల్లు కలిస్తే ఒట్టు. ఇస్త్రీ అతని గది పుస్తకంలో నాలుగు వందల ఎనిమిది చదరపు అడుగులు, డబ్బాలో రెండు వందల ఎనభై. ఏ ఇల్లు చూసినా పుస్తకంలోనే పెద్దది. ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి గుమ్మంలో నిలబడి చూశాడు. బ్యాటరీ అయిపోయుంటుందని అంగలాయన అన్నాడు. ఆవిడ బ్యాటరీ మార్చి మళ్ళీ నొక్కింది. అదే అంకె.

"రెండిట్లో ఏదో ఒకటి తప్పు సార్," అంది వాల్యుయరు. "మీ పై వీధుల లెక్క చూశాక, తప్పు మీదని నేను ఊరికే అనలేను. మీరే ఒకసారి చూసి చెప్పండి."

కమిషనరుకు సంగతి తెలిసింది. గురువారం పొద్దున అంగలాయనను గదిలోకి పిలిచి, ఎన్నడూ లేనిది కూర్చోమన్నాడు. పుస్తకాలు సరైనవే, బయటావిడ యంత్రమే నమ్మదగింది కాదు అని ఒక కాగితం టైపు చేయించి ఉంచాడు. మర్నాడు సభ్యుల ముందు ఈయన సంతకం పెడితే ఆవిడ ఒప్పందం రద్దు, పాత లెక్కలే ఖాయం. లేకపోతే ఇన్నేళ్ళూ ఎక్కువ ఎందుకు వసూలు చేశారని ఎన్ని నోళ్ళు లేస్తాయో ఆలోచించుకోమన్నాడు. సంతకం పడితే రికార్డు గదికి అంగలాయన పేరే పెడతామని కూడా అన్నాడు. పిచ్చి మనిషి, తలుపు మీద తన పేరు అప్పుడే కళ్ళ ముందు కనబడింది. సరేనన్నాడు.

అయితే సంతకానికి ముందు ఆ డబ్బా తప్పని తనకు తానే రుజువు చేసుకోవాలనిపించింది. కొలత మారని చోటు ఒకటుంది గదా, పెద్ద హాలు. మధ్యాహ్నం అక్కడెవరూ లేరు. కిటికీల్లోంచి ఎండ పలకలు పలకలుగా నేల మీద పడుతోంది. చెప్పులు విడిచి నడవడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ కల వచ్చేసింది. ఎవరూ ఉండని హాల్లో ఏం కాపురం పెట్టాలో తోచక, చేరిన రోజు నడకే మళ్ళీ నడిచాడు. పక్కన అప్పటి పెద్దాయన. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. చేయి చాచాడు. గోడ లేదు. గోడ ఇంకా అల్లంత దూరాన ఎండలో ఉంది. ఇంకో అంగ వేస్తే గోడ ఇంకాస్త వెనక్కి జరిగినట్టే అనిపించింది. చివరికి చేయి తగిలేసరికి ఇరవై తొమ్మిది.

మళ్ళీ నడిచాడు. మళ్ళీ ఇరవై తొమ్మిదే.

రికార్డు గదికి వెళ్ళి ఆఫీసు భవనం కొలతల పుస్తకం తీశాడు. మామూలు ఇంటిని కట్టినప్పుడు ఒకసారే కొలుస్తారు. ఆఫీసు భవనాన్ని మాత్రం అయిదేళ్ళకోసారి కొలిచి రాయాలని నియమం. దానికి పన్ను లేదు గనక ఆ పేజీ వైపు చూసే నాథుడు లేడు. రాసిన తనే ఎన్నడూ వెనక్కి తిప్పలేదు. ఇప్పుడు తిప్పాడు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు. ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇరవై తొమ్మిది. అన్నీ తన గుండ్రటి చేతిరాతే. ఇరవై ఏళ్ళుగా హాలు పెరుగుతూ వస్తుంటే, నిక్షేపంగా రాసుకుంటూ పోయాడు. మోకాలు నొప్పి మొదలైందీ అప్పుడే. ఇస్త్రీ అతన్ని చూసి నవ్విన నవ్వు చెవుల్లో మోగింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ మిషను ఆపింది.

"నాకు తెలుసండీ," అంది. "పెళ్ళయిన కొత్తలో మీ పక్కన నడవాలంటే నేను పరిగెత్తాల్సొచ్చేది. ఇప్పుడు కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కనే నడుస్తున్నాం. నాకు హాయిగా ఉండి చెప్పలేదు. దాని మీద ఎవరి పన్నో ఉందని నాకేం తెలుసు?"

సంతకం పెట్టనంటే ముప్పై మూడేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుందే అన్నాడు. పోతుందని ఆవిడా ఒప్పుకుంది. అబద్ధమెందుకు, పెట్టేయమంటుందేమోనని ఆయన కాస్త ఆశపడ్డాడు కూడా. ఆవిడ అనలేదు. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

శుక్రవారం హాలు నిండా సభ్యులు. వాల్యుయరు ఒక మూల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, బస్సు టికెట్ కొనుక్కున్న మనిషిలా. కమిషనరు కాగితం చదివి కలం అందించాడు. అంగలాయన కలం తీసుకుని బల్ల మీద పెట్టేశాడు. రెండు నిమిషాలు అనుమతి కావాలన్నాడు. చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి నిలబడి, పైకి లెక్కపెడుతూ నడవడం మొదలుపెట్టాడు.

మొదట కొందరు ముసిముసిగా నవ్వారు. పది దాటేసరికి నవ్వులు ఆగాయి. ఇరవై నాలుగు దగ్గర ఆయన ఆగి, అందరికీ వినబడేలా, చేరిన రోజున తాను గోడ తాకింది ఈ అంకెకేనన్నాడు. గోడ ఇంకా ఎంత దూరముందో అందరూ చూశారు. మిగతా అయిదు అంగలూ వేశాడు. మోకాలు పట్టేస్తున్నా ఎక్కడా ఆగలేదు.

"ఇరవై తొమ్మిది," అన్నాడు గోడ మీద చేయి వేసి. "హాలు పెరగలేదు అయ్యా. నా అంగ తగ్గింది. ఈవిడ డబ్బా చెప్పిందే నిజం. కింది వీధుల్లో లేని జాగాకి పన్ను కట్టించింది నేనే."

కమిషనరు మొహాన కత్తివేటుకు నెత్తురు లేదు. అంగలాయన భవనం కొలతల పుస్తకం తీసుకెళ్ళి వాల్యుయరు చేతిలో పెట్టాడు. ఏ ఏడు తన అంగ ఎంతో ఈ హాలు లెక్క చెబుతుందనీ, దాన్ని పట్టుకుంటే ఏ ఇంటికి ఎంత ఎక్కువ పడిందో తేలిపోతుందనీ చెప్పాడు. ఆవిడ పేజీ తిప్పి చూసి, లేచి నిలబడి దాన్ని రెండు చేతులా తీసుకుంది.

ఒప్పందం రద్దు కాలేదు. రికార్డు గదికి ఎవరి పేరూ పెట్టలేదు. సెక్షన్‌లో రెండు రోజులు ఎవరూ ఈయనతో మాట్లాడలేదు. మూడో రోజున అంగలాయన బీరువా తెరిచి, ముప్పై మూడేళ్ళ కిందటి టేపు తీసి, దుమ్ము దులిపి జేబులో వేసుకుని, ఇళ్ళ కొలతల పుస్తకం చంకన పెట్టుకుని కింది వీధికి వెళ్ళాడు.

ఇస్త్రీ అతను పెట్టె నిలబెట్టి చూశాడు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి, జేబులోంచి టేపు తీశాడు.

"ఆ రోజు నవ్వాను. తప్పు నాదేనయ్యా," అన్నాడు. "డబ్బా లెక్క సరైందే, కానీ నా చేత్తో రాసింది నా చేత్తోనే కొట్టేయాలి. ఈ కొస కాస్త పట్టుకుంటావా?"

ఇస్త్రీ అతను చేతులు తుడుచుకుని టేపు కొస పట్టుకుని అవతలి గోడ దగ్గరికి వెళ్ళాడు. మంచాల సందుల్లోంచి టేపు బిగిసింది. అంగలాయన వంగి అంకె చూశాడు. ఇరవై అడుగులు.

"ఎంతుంది బాబాయ్?"

"నువ్వు చెప్పినంతే ఉంది."

అలవాటు కొద్దీ ఆయన గదంతా కలయజూశాడు, మిషను ఎక్కడ వేయాలి, కుర్చీ ఎక్కడ వేసుకోవాలి అని. ఎక్కడా జాగా లేదు. నాలుగు మంచాలు, ఇస్త్రీ బల్ల, దాని కింద మడతపెట్టిన ఊళ్ళోవాళ్ళ బట్టలు. ఇద్దరూ కలిసి అడ్డం కొలత కూడా తీశారు, పద్నాలుగు. పాత అంకె కొట్టేసి, రెండు వందల ఎనభై అని రాసి, పక్కన సంతకం పెట్టాడు.