పెళ్ళిచూపుల్లో విశ్వం కొలతలు

ఆ రోజుల్లో నాకు కొత్త సంగతి ఏదైనా తెలిస్తే, పక్కవాడికి చెప్పేదాకా కడుపు ఉబ్బిపోయేది. మండపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా అప్పుడే చేరాను. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి ఒక వాదం మీద మనసు పారేసుకున్నాను. గురుత్వాకర్షణ ఇప్పుడున్నదానికంటే బాగా ఎక్కువైతే నక్షత్రాలు త్వరగా కాలిపోయేవట, బాగా తక్కువైతే అసలు వెలిగేవే కావట. జీవం పుట్టడానికి సరిపోయేట్టు ఇన్ని కొలతలు కుదిరాయంటే, కుదిర్చినవాడు ఒకడుండాలి కదా అన్నది దాని సారాంశం. దాన్ని ఫైన్ ట్యూనింగ్ అంటారు. క్షవరం చేయించుకుంటూ కూడా చెప్పేవాణ్ణి (కత్తి చెవి పక్కనుంది కాబట్టి తల ఊపి మరీ చెప్పడం కుదిరేది కాదు).

అలాంటి రోజుల్లో, నన్ను పెంచిన మా పెద్దమ్మ ఒక సంబంధం తెచ్చింది. అమ్మాయి రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెబుతోంది. వాళ్ళు అన్నవరంలో వ్రతం చేయించుకుంటున్నారు, చూపులు కూడా కొండమీదే కానిచ్చేద్దామన్నారు. అమ్మాయి తండ్రి వరి పండించే రైతు, మహా భక్తుడు. అంతకుముందు వచ్చిన అబ్బాయి దేవుడు లేడన్నాడని కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశారట. బస్సులో పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "నీ నక్షత్రాల గొడవ అక్కడ ఎత్తకు నాన్నా. ఔనండి, కాదండి అను, చాలు" అంది. సరేనన్నాను.

వ్రతం అయ్యాక అందరం సత్రం గదిలో చాప మీద కూర్చున్నాం. చేతుల్లో ప్రసాదం పొట్లాలు. నేను అమ్మాయి వైపు చూడాలా, పొట్లం వైపు చూడాలా అని తేల్చుకునేలోపే వాళ్ళ నాన్నగారు గొంతు సవరించుకున్నారు. "సైన్సు చదివినవాళ్ళు దేవుడు లేడంటారు కదండీ మాస్టారూ. మరి మీరేమంటారు?" పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. నేను మాత్రం, ఇన్నాళ్ళకి అడిగినవాడు దొరికాడని పొంగిపోయి ఫైన్ ట్యూనింగ్ అంటూ మొదలుపెట్టాను. గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మాయి నాయనమ్మకి చెవులు కాస్త మందం. కాసేపు విని, "తునిలో ఫైన్ వేశారా బాబూ? హెల్మెట్ పెట్టుకోవాలి నాయనా, ఆ హైవే మీద ఊరుకోరు" అంది. అమ్మాయి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు చూసిన క్షణం నుంచీ ఈ సంబంధం కుదరాలని నాకు గట్టిగా అనిపించింది. దాంతో ఇంకా రెచ్చిపోయి, పొట్లం విప్పి చూపించాను. "రవ్వ, నెయ్యి, పంచదార పాళ్ళు తప్పితే ఇది ప్రసాదం కాదు కదండీ. పాళ్ళు కుదిరాయంటే వండినవాళ్ళు ఉన్నట్టే కదా." ఆయన తొడ మీద చరుచుకుని, "అదండీ మాట" అన్నారు.

అప్పుడు అమ్మాయి నెమ్మదిగా, "ఒక్కటి అడగొచ్చాండి?" అంది. "పాళ్ళు తప్పిన ప్రసాదం ఎలా ఉంటుందో మనకి తెలుసు, మా ఇంట్లో చాలాసార్లు తిన్నాం. పాళ్ళు తప్పిన విశ్వాన్ని ఎవరైనా చూశారాండి? మనకున్నది ఒక్కటే కదా. కొలతలు వేరేగా ఉండే వీలుందో లేదో, ఉంటే అది ఎంత అరుదో ఒక్కదాన్ని చూసి ఎలా లెక్కకడతాం?"

వాళ్ళ నాన్నగారు కంగారుగా, "అంటే దేవుడు లేడంటావేంటే?" అన్నారు. "ఉన్నాడు నాన్నా. పొద్దున్న మనసారా దండం పెట్టుకున్నాను కదా. ఈ లెక్క వల్ల ఉన్నాడని మాత్రం అనను." అందరూ నా వైపు తిరిగారు. "నాకు తెలీదండి. ఆలోచించి చెబుతాను" అన్నాను. పెద్దమ్మ దిగే దారిలో నాకంటే పది మెట్లు ముందే నడిచింది (తిట్టినా బాగుండేది).

మర్నాడంతా ఆలోచించాను. సాయంత్రానికి ఏదో తట్టి, ఉండబట్టలేక వాళ్ళ నాన్నగారికే ఫోన్ చేశాను. "నమస్కారమండి. మీ అమ్మాయిగారి ప్రశ్నకి సగం జవాబు దొరికిందండి." ఆయన నిదానంగా అన్నారు: "మిగతా సగం ఇద్దరూ కలిసి చూసుకోండి బాబూ. మీరు ఫోన్ చేస్తారని అది పొద్దున్నించీ అంటూనే ఉంది. నాకు పంతులుగారితో పనుంది, ఆ ముహూర్తం సంగతి చూడాలి."

మిగతా సగం ఇంకా చూసుకుంటూనే ఉన్నాం. నా సగంలో కూడా ఆవిడ చాలావరకూ కొట్టేసింది. దేవుడు ఉన్నాడని రుజువు చెయ్యడం నాకిప్పటికీ చేతకాదు, లేడని కూడా చెయ్యలేను. ఆ కొండమీద నోరెత్తకుండా ఔనండి, కాదండి అని వచ్చేసి ఉంటే ఈ మనిషి నాకు దొరికేదా అని మాత్రం తలుచుకుంటాను. మొన్న వర్షాలు వెలిశాక స్కూటర్ మీద రాజమండ్రి వంతెన దాటుతున్నాం. గోదావరి నిండుగా, ఎర్రగా పారుతోంది. వెనక ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆనాటి కుర్ర లెక్చరరయితే ఆ నీళ్ళు చూసి ఎన్ని కారణాలు చెప్పేవాడో. నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. ఎవరికి పెడుతున్నానో తెలియకుండానే కుడిచెయ్యి దానంతటదే లేచి నుదుటికి తగిలింది.

"దండం నేను పెడతాను లెండి," అంది వెనక నుంచి. "మీరు రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంచండి."