గోరువెచ్చని నీళ్లలో రెండు చేతులు

ఈ ఉదయం డెట్రాయిట్ శివారు నోవైలో మా వాకిట మంచు ఎత్తి వచ్చి కుళాయి కింద చేతులు పెట్టాను. గోరువెచ్చని నీళ్లకు వేళ్లు చురుక్కుమనగానే డాక్టర్ సుగుణ గారు గుర్తొచ్చారు. ఎనభైలలో డెట్రాయిట్ దగ్గర నరాల పరీక్షలు చేసే ల్యాబ్‌లో ఆవిడ నా బాస్. బాపట్ల వైపు పాస్టర్ గారి అమ్మాయి. మాది జమీందారుల కుటుంబం; జమీ పోయింది గానీ ఇంట్లో ఎవరికీ వెన్ను వంచే అలవాటు రాలేదు. అది కనిపెట్టి మొదటిరోజే నన్ను "దొరగారూ" అన్నారు.

మా మెషీన్ వేలి కొసమీద సన్నని లేజర్ వెలుగు వేసి, చర్మంలో నెత్తురు ఎంత పారుతోందో కాగితంమీద గీతగా గీసేది. మనిషి గట్టిగా ఊపిరి పీలిస్తే ఆ పారుదల క్షణంపాటు తగ్గి గీత దిగుతుంది. నరం దెబ్బతింటే దిగదు. అక్కడ నటన సాగదు.

ఒక జనవరిలో వాల్టర్ వచ్చాడు. కార్ల విడిభాగాలు చేసేచోట యంత్రం కింద అతని కుడి మణికట్టు నలిగింది. గాయం మానినా వేళ్లకు స్పర్శ రాలేదు. నటిస్తున్నాడని కంపెనీ అంటోంది. ఆ పూట రుజువు కాకపోతే పరిహారం రాదు, పైగా అబద్ధాలకోరన్న పేరు మిగులుతుంది. కంపెనీ డాక్టరు పక్కనే కూర్చున్నాడు.

వాల్టర్ ఊపిరి పీల్చాడు. రెండు చేతుల గీతలూ కదల్లేదు.

"చూశారుగా, బాగున్న చేయీ దిగలేదు, రెండూ ఒకటే," అంటూ కంపెనీ డాక్టరు కోటు అందుకున్నాడు.

సుగుణ గారు వాల్టర్ ఎడమ చేయి పట్టుకుని చూశారు. "ఐస్‌లా ఉందే! గ్లవ్స్ ఏవి?"

"కుడిచేత్తో తొడుక్కోలేను మేడమ్. బస్సు రాలేదు, నడిచొచ్చాను."

"చలికి ముందే ముడుచుకుపోయిన వేలు ఇంకేం ముడుచుకుంటుంది? కూర్చోండి డాక్టర్, కాఫీ తాగండి," అని నావైపు తిరిగి తెలుగులో, "దొరగారూ, జెండా కర్రలా నిలబడితే నీళ్లు వేడెక్కవు. బేసిన్ తెండి," అన్నారు.

ఎడమ చేయి ఆవిడ తీసుకుని కుడిది నాకు వదిలారు. పరాయివాడి చేయి నీళ్లలో పట్టుకుని కూర్చున్నవాడు మా వంశంలో లేడు. వెన్ను నిటారుగానే ఉంచి మోకాళ్లమీద కూర్చున్నాను.

"వేడి ఎక్కువైందా?" అన్నాను.

"దీనికేం తెలుసు సార్, ఆ రెండోదాన్ని అడగండి," అని నవ్వాడు వాల్టర్.

చేతులు వెచ్చబడ్డాక మళ్లీ పెట్టాం. ఊపిరి పీల్చాడు. ఎడమ గీత బావిలో రాయిలా దిగిపోయింది. కుడిది చెక్కు చెదరలేదు. కంపెనీ డాక్టరు నమ్మలేక తన వేలు చాచాడు. దాని గీతా దిగింది. "ఇతను నటించడం లేదు," అన్నాడు.

"ఆ మాట ఫోన్‌లో మా ఆవిడకు చెప్తారా?" అన్నాడు వాల్టర్.

చెప్పాడు. సుగుణ గారు టవల్ నాకందిస్తూ, "వెన్ను వంగలేదు కదా?" అన్నారు.

"లేదు మేడమ్."

తాతగారి బిరుదులేవీ నాదాకా రాలేదు. ఆవిడ ఎగతాళిగా పెట్టిన పేరు మాత్రం నాదే. మోకాళ్లమీద కూర్చుని సంపాదించుకున్నాను.