ముందుగాల తిను

లండనులో మా హైదరాబాదు కాలేజీ పాత విద్యార్థుల సంఘం ఏడాదికోసారి విందు చేసేది. నిజాం రాజ్యపు చివరి ఏడాది దాన్ని ఒక దొరల క్లబ్బులో పెట్టారు. నల్లసూటు లేనిదే గుమ్మం తొక్కనివ్వరు. కిరాయికి తెచ్చుకున్నాను. అద్దంలో అచ్చం పగటివేషగాడిలా ఉన్నాను.

నేను పోయింది తిండికి కాదు. నల్లగొండ జిల్లాలో హాలియా దగ్గర మా ఊరు. మూడు నెలలుగా బాపు దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నేను బయలుదేరేనాటికే ఆయనకు దగ్గు పట్టుకుంది. ఇండియాకూ నిజాముకూ పడక టపా ఆగిపోయిందని తోటివాళ్లు అన్నారు. నమ్మితే చదువు సాగుతుంది కనుక నమ్మాను, పరీక్షలూ రాసేశాను. ఆ విందుకు మా ఊరి అల్లుడు వస్తున్నాడని తెలిసింది. కొత్తకోట వకీలు, నాకు వరుసకు బావ. ఓడ దిగి వారం కూడా కాలేదు.

సాయంత్రం ఏడు దాటినా కిటికీల్లో ఎండ తగ్గలేదు. బావ పక్కనే కుర్చీ దొరికించుకుని, సూపు రాకముందే అడిగాను.

"బాపు ఎట్లున్నడు బావా?"

"ముందుగాల తిను బామ్మర్దీ."

నా చేయి చెంచా మీదే ఆగిపోయింది. మా దిక్కున అన్నం ముందు కూర్చున్నవాడికి చావు కబురు చెప్పరు. తిని చేయి కడిగేదాకా ఆగుతారు. పైగా కనబడితే చాలు ఆటపట్టించే మనిషి, నా సూటును చూసి కూడా ఒక్క మాట అనలేదు.

నాకు తెలిసిపోయింది. తెలిసినా తిన్నాను. నేను తింటున్నంతసేపు బాపు బతికే ఉంటాడు.

సూపు తాగాను. వేటమాంసం తిన్నాను. ఉప్పూ కారం లేని ఆలుగడ్డలు మళ్లీ అడిగి పెట్టించుకున్నాను. బావ తన పళ్లెంలోవి కూడా నాకే వేశాడు. దేనికీ రుచి లేదు. భయం లేదు, దుఃఖం లేదు, ఒళ్లు నాది కానట్టుంది. ఎదుటాయన నవ్వి, కరువు జిల్లా నుంచి వచ్చావా అని ఉర్దూలో అడిగాడు. అవునన్నాను.

చివరికి తీపి వచ్చింది. అదీ తిన్నాను. అప్పుడే తప్పు చేశాను. కష్టపడి నేర్చుకున్న మర్యాద కదా, చేయి దానంతటదే చెంచానూ ముళ్లచెంచానూ పక్కపక్కన పెట్టేసింది. అక్కడ దానర్థం తినడం అయిపోయిందని. వడ్డించేవాడు పళ్లెం తీసుకుపోయాడు. నా ముందు ఉత్త తెల్లగుడ్డ మిగిలింది.

బావ చెప్పాడు. "మూడు నెలలాయె. జరమొచ్చి నాలుగొద్దులల్ల పోయిండు. పరీక్షలు ఒడిసినంక చెప్పుమన్నది మీ అమ్మ."

"తలకొరివి ఎవలు పెట్టిన్రు?" నేను ఒక్కడే కొడుకును.

"గలాటలకు మొగోళ్లందరు ఊరిడిసిపోయిరి. ఎవ్వలున్నరు? మీ అమ్మనే పెట్టింది."

అప్పుడే అధ్యక్షుడు లేచాడు. ఈ కాలేజీ కన్న కొడుకులు దేశదేశాల్లో పేరు నిలబెడుతున్నారన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బావ నా రెండు చేతులూ పట్టుకుని ఆపేదాకా కొడుతూనే ఉన్నాను.