బాపట్లలో దిగిన స్వామి

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. తెనాలిలో ఎక్కిన పాసింజర్లో నా ఎదురుగా అయ్యప్ప మాల వేసుకున్న రైతు కూర్చున్నాడు. షుగర్ మనిషి. చెప్పుల్లేక నడిచి పాదం పుండు పడింది.

"దీక్ష అయ్యాక డాక్టరుకి చూపిస్తానండి," అన్నాడు.

దేవుడి పేరు చెప్పి కాలు కుళ్లబెట్టుకుంటారా అని మండిపడ్డాను. ఆయన మొహం తిప్పుకున్నాడు.

పక్కనున్న ముస్లిం పెద్దాయన తన చెప్పు విడిచాడు. పాదానికి రెండు వేళ్లే ఉన్నాయి.

"నాదీ షుగర్ పుండే. మా ఊరి నర్సమ్మ కట్టు కట్టించుకోమంటే, నేనూ రంజాన్ ఉపవాసాలు అయ్యాక అన్నాను స్వామీ. పండగ నాడు గుంటూరు ఆసుపత్రిలో వేళ్లు తీసేశారు. మీ దేవుడు చెప్పులు తియ్యమన్నాడు గానీ, కాలు తీయించుకోమన్నాడా?"

స్వామి నవ్వేశాడు. బాపట్ల రాగానే లేచాడు.

"ఇక్కడ గవర్నమెంటాసుపత్రి ఎటు సాయిబుగారూ?"

"పదండి, చూపిస్తా."

చీరాల టికెట్టున్న ఆ పెద్దాయన కూడా దిగిపోయాడు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కుంటుకుంటూ, ఇద్దరూ స్టేషను గేటు దాటారు.