హెల్పర్‌గా రానన్న రోజు

ఆసిఫాబాద్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వంటమనిషి కావాలంటే, ఇచ్చోడ నుంచి పొద్దున్నే బస్సెక్కి ఇంటర్వ్యూకు వెళ్లాను. పెళ్లిళ్లకు ఐదువందల మందికి వండిన చేయి నాది. ఈ ఉద్యోగానికి మాత్రం చదవడం, రాయడం రావాలన్నారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో మా కోడలు నేర్పిన అక్షరాలే నా చదువు.

గదిలో ఒక సారు, ఒక మేడం కూర్చున్నారు. నన్ను చూడగానే సారు వేలిముద్రల ఇంకుప్యాడ్ ముందుకు తోశాడు. నేను దాన్ని పక్కకు జరిపి పెన్ను అడిగాను. అయితే గోడ మీది భోజనాల పట్టిక చదవమన్నాడు.

వేలు పెట్టకపోతే నాకు వరుస తప్పిపోతుంది. పట్టిక దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. మంగళవారం సగంలో ఉండగానే చాలన్నాడు. నేను ఆపలేదు. ఆదివారం దాకా చదివాను.

పెళ్లిళ్లలో పొయ్యి ముట్టించే ముందు చిట్టీలో రాసిన ప్రకారం సామాను సరిచూసుకోవడం వంటమనిషి పని. ఇన్నేళ్లూ ఎవరో చిట్టీ చదివితే నేను మూటలు విప్పి చూసేదాన్ని. ఆ అలవాటుతోనే అడిగాను.

"సారూ, జర స్టోర్ రూం చూపెట్టున్రి. గీ పట్టిల రాసినంత పప్పు, గుడ్లు ఉన్నయా లెవ్వా చూస్త."

సారు మొహం మాడిపోయింది. నేను ఉద్యోగానికి వచ్చానా, తనిఖీకి వచ్చానా అని అడిగాడు. నా చదువు చాలా నిదానమనీ, కూరగాయలు కోసే హెల్పర్ పని ఇస్తాననీ చెప్పి, ఒప్పుకున్నట్టు వేలిముద్ర వెయ్యమని ఒక కాగితం ఇచ్చాడు.

మేడం మెల్లగా నచ్చజెప్పింది. "ఎందుకక్కా గింత పంతం? ఏదో ఒక నౌకరైతే దొరికె గదా."

"నిదానంగ చదివిన గని తప్పు చదవలే మేడం. పెండ్లిళ్ల నా కింద ఆరుగురు హెల్పర్లుంటరు. నేను పోయి ఇంకొకల కింద ఎట్ల జేస్త?"

ఆ కాగితం మీద పెన్నుతో రాశాను: హెల్పర్‌గా రాను. వంటమనిషిగా అయితే వస్తాను. కింద సంతకం పెట్టాను. చాలాసేపు పట్టింది. తలుపు దగ్గర ఇంటర్వ్యూ వంతు కోసం నిలబడ్డవాళ్లు గొణుక్కున్నారు. గొణుక్కోనీ అనుకున్నాను.

ఉద్యోగం రాలేదు. చేజేతులా పోగొట్టుకున్నానని ఇంట్లో వారం రోజులు మాటలు పడ్డాను. మొన్న అదే హాస్టల్‌కు మళ్లీ మనుషులు కావాలన్నారు. దరఖాస్తు నేనే నింపాను. ఏ పని అన్నచోట వంటమనిషి అనే రాశాను.