దాణా మావ నాలుక

పాడి ఫారంలో దాణా కలిపే ఆయనకు దాణా మావ అనే పేరు పాతికేళ్ల కిందటే స్థిరపడింది. ఏ పొడినైనా చిటికెడు నాలుక మీద వేసుకుని చూడనిదే మిక్సర్లో పొయ్యనిచ్చేవాడు కాదు. ఈనబోయే ఆవులకు చేదు ఉప్పు, ఈనినవాటికి సోడా. రెండూ తెల్లటివే, రెండూ అచ్చు లేని సంచుల్లోనే వచ్చేవి. ఈనాక చేదు ఉప్పు పడితే ఆవు మేత ముట్టదు. ఒంట్లో ఉన్నదంతా పాలలోకి దిగిపోయే ఆ రోజుల్లో మేత మానితే ఇక నిలబడలేదు.

"మావ నాలుకుండగా మనకి ల్యాబెందుకండీ?" అని మేనేజరు వచ్చినవాళ్లందరితో అనేవాడు. ఆ మాట విన్న రోజు మావ ఇంట్లో కూరకు వంక పెట్టేవాడు కాదు.

నెల కిందట మావకి జ్వరం వచ్చి తగ్గింది. రుచి మాత్రం తిరిగి రాలేదు. భార్య ఉప్పు వెయ్యడం మరిచిపోయిన పప్పును లొట్టలేస్తూ తిన్నాడు.

"ఏమయ్యా, నీ నోరు బాగానే ఉందా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా."

ఫారంలోనూ చెప్పలేదు. చిటికెడు వేసుకోవడం, కళ్లు మూసుకోవడం, తల ఊపడం మానలేదు.

ఆ సోమవారం, సంచులు మోసే ఆమె ఈనిన ఆవుల దాణా కోసం కొత్త సంచి విప్పి ఆగింది.

"బాబాయ్, సోడా అయితే వేళ్లలోంచి పిండిలా జారాలి. ఇది ఇసకలా గరగరలాడుతోంది."

మావ వేసుకున్నాడు. ఏమీ తెలియలేదు.

"పాతికేళ్ల నాలుక కంటే నీ చెయ్యెక్కువా? పొయ్యి."

"నువ్వన్నాక తిరుగేముందిలే," అని పోసింది.

ఆవులు తొట్లలో మూతి పెట్టి వెనక్కి తీశాయి. ఎండదెబ్బ అన్నాడు మావ. మర్నాడు పాలు సగానికి పడిపోయాయి. మూడోరోజు, ఈని వారమైనా కాని ఎర్రావు కూలబడి మళ్లీ లేవలేదు. మేనేజరు ఆ సంచిలోది నోట్లో వేసుకుని, చేదు తగలగానే ఉమ్మేసి, ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"మావకి చూపించకుండా పోసేశావు కదూ?"

"బాబాయ్, చెప్పు. నేనడగలేదూ?"

మావ తొట్టి అంచుకు అంటుకున్న మేతను గోటితో గీకుతున్నాడు. "రోజుకెన్ని సంచులో... ఏవని గుర్తుంటాయమ్మా."

ఆమె తలగుడ్డ విప్పి, దులిపి, భుజాన వేసుకుంది. "ఒక్క మాటకి నోరు రాలేదా బాబాయ్?" అంది. మళ్లీ ఫారంలో కనిపించలేదు.

మర్నాడు అందరి ముందూ మేనేజరే సంచి విప్పాడు. "ఇకమీద మావ చూడనిదే గుప్పెడు కూడా లోపల పడకూడదు."

మావ వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. వేళ్ల మధ్య మిగిలిన పొడిని, ఎవరికీ కనపడకుండా, ఆమె చెప్పినట్టే నలిపి చూశాడు. పిండిలా జారింది.

"సోడా," అన్నాడు.