నూట ఇరవై ఫ్రేముల సురేంద్రబాబు

ఆత్మకూరు సురేంద్రబాబు కెమెరాకు చిక్కాడంటే ఎంత తొందరగలవాడైనా మబ్బుల మీద నడవాల్సిందే. సినిమావాళ్ళు వాడే డిజిటల్ కెమెరా కొన్నప్పటినుంచీ ఆయనకు లోకంలో ఒకటే వేగం నచ్చింది, అది స్లోమోషన్. మామూలు బొమ్మకు సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు చాలు. ఈయన నూట ఇరవై తీసి, వాటిని ఇరవైనాలుగు చొప్పున తీరిగ్గా వదులుతాడు. రెప్పపాటులో అయ్యే పని తెరమీద ఐదింతలు సాగుతుందన్నమాట.

విచిత్రమేమిటంటే ఆ మనిషిలో నిదానం మచ్చుకైనా లేదు. "పోయొస్తా" అన్న మాట ఇంట్లో వినపడేసరికి బండి బస్సు డిపో దాటి ఉంటుంది. భార్య విజయకుమారి చారుగిన్నె తెచ్చేలోపల చెయ్యి కడుక్కొని కూర్చుంటాడు.

"నిన్ను కూడా ఎవురన్నా నూట ఇరవైలో తీస్తే బాగుండు. ఏం తిన్నావో నేను చూసుకుంటా" అంటుంది ఆమె.

స్టూడియోలో ఎడిటింగ్ విజయకుమారిదే. కాబట్టి తిట్లు కూడా విజయకుమారికే. సీతారామపురంలో ఒకాయన గృహప్రవేశం చేసుకున్నాడు. వీడియో తీసుకెళ్ళిన రెండోరోజు ఫోను.

"ఏందమ్మా ఇది? మా ఆవు ఇంకా గడప దాటలా. భోంచేసొచ్చి చూసినా ముందుకాలు గాల్లోనే ఉండాది."

"కొంచెం ఓపిక పట్టన్నా. వెనక కాళ్ళు కూడా దాటినాక మీరొస్తారు."

"నేనొచ్చేలోపల మా ఆవు ఈనేటట్టుండాది తల్లీ!"

సొంత చర్చివాళ్ళని కూడా వదల్లేదు. క్రిస్మస్ పాటలు తీస్తే పాస్టరుగారు "ఆమెన్" అనడానికి నోరు తెరిచి, తెరిచి, ఇంకా తెరిచి, ముందు వరస పిల్లలు ఆయన పళ్ళు లెక్కపెట్టుకునేదాకా మూయలేదు. పాస్టరుగారు పెద్దమనిషి. "సహనం కూడా దేవుడిచ్చిన వరమే సురేంద్రా" అని ఊరుకున్నాడు.

కలిగిరి రాజమోహన్ ఊరుకునే రకం కాదు. పంచాయతీ ఏ ఊళ్ళో జరిగినా మధ్యలో కుర్చీ ఆయనదే. ఆయన కొడుకు హర్ష పెళ్ళిలో అక్షింతలు వేసే సమయానికి ఆయనకు తుమ్ము వచ్చింది. వచ్చిన తుమ్మును సురేంద్రబాబు పోనివ్వలేదు. తెరమీద రాజమోహన్ ముక్కు ముందుగా ఒక అనుమానం పడింది. తర్వాత మీసం లేచింది. కళ్ళు మూతపడ్డాయి, బుగ్గలు అలలు అలలుగా కదిలాయి. వెనక మంచి సన్నాయి వాయిద్యం. ఎవడో దాన్ని సెల్‌ఫోనులో స్టేటస్‌గా పెట్టాడు. కలిగిరి అంతా చూసింది. అప్పటినుంచీ ఆయన పంచాయతీలో గొంతు సవరించుకుంటే చాలు, జనం కుర్చీలు వెనక్కి జరుపుకునేవారు.

అలాంటి రాజమోహన్ కూతురు అశ్విత పెళ్ళికి మళ్ళీ ఇదే స్టూడియో గడప తొక్కాడంటే దానికి ఒకటే కారణం. ఆయన తల్లి సుబ్బరత్నమ్మ పట్టుపట్టింది. హర్ష పెళ్ళి వీడియోను ఆమె రోజూ అన్నం తిన్నాక ఒకసారి చూస్తుంది. ఆ అబ్బయ్యే తియ్యాలంది.

"సురేంద్రా, చెప్తాండా విను. ఒక్క ముక్క కూడా స్లో ఉండబళ్ళా. ఉన్నిందా, కలిగిరిలో ఇంకొక పెళ్ళి నీకు దొరకదు. నేను దొరకనియ్యను."

"ఉండదన్నా."

"పోయినసారీ తల ఊపినావు. ఊపింది కూడా స్లోగానే ఊపినావేమో!"

వెంట వచ్చిన అశ్విత గోడ పక్కన స్టూలు మీద కూర్చుంది. పోయిన ఏడు ఆత్మకూరు రోడ్డు మీద స్కూటీ పడి ఆ పిల్ల కాలు విరిగింది. లోపల రాడ్ వేశారు. కాలు అతికిందిగానీ నడకలో ఒక ఒంపు మిగిలిపోయింది. ఆ పిల్ల అడిగింది ఒక్కటే మాట.

"అన్నా, పూల పందిరి కింద నేను నడిచొచ్చేది కూడా తీస్తారా?"

"తియ్యకుండా ఎట్టమ్మా? పెళ్ళికూతురివి!" అన్నాడు సురేంద్రబాబు, అప్పటికే బండి తాళం తిప్పుతూ. అశ్విత తల దించుకుంది.

వాళ్ళు వెళ్ళగానే విజయకుమారి మొగుడి చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది. సగం పెళ్ళిళ్ళు వచ్చేది కలిగిరి వైపు నుంచే. ఆ దారి మూసుకుపోతే స్టూడియో షట్టరూ మూసుకోవాల్సిందే.

"ఒట్టెయ్యి."

"ఒట్టు, ఒట్టు, ఒట్టు" అన్నాడు సురేంద్రబాబు. తొందరలో మూడుసార్లు వేశాడు.

పెళ్ళి ఉదయగిరిలో. కొండ కింద కల్యాణమండపం జనంతో కిక్కిరిసింది. రాజమోహన్ తెలివిగా మేనల్లుడు ప్రశాంత్‌ని కెమెరా పక్కన కాపలా పెట్టాడు. పాపం, కెమెరాకున్న బుల్లి తెరలో అన్నీ మామూలుగానే కదులుతాయని, నిదానమంతా తర్వాత ఆడించినప్పుడే బయటపడుతుందని ప్రశాంత్‌కేం తెలుసు?

"అన్నా, ఈ మూల నూట ఇరవై అని ఉండాదే, ఏంది?"

"బీపీ."

"కెమెరాకా?"

"నాకు. మీ మామ కనపడితే ఎక్కుద్ది."

లైటు పట్టుకున్న విజయకుమారికి అప్పుడే అనుమానం వచ్చింది. మండపంలోకి జనం నడిచి రావడం మొదలవగానే "విజయా, లైటు! ఇంకా! ఇంకా!" అని మొగుడు కేకలు పెట్టాడు. ఫ్రేములు పెరిగేకొద్దీ కెమెరాకు వెలుతురు చాలదని ఆమెకు తెలుసు. ఒట్టు తీసి గట్టున పెట్టేశాడు! పక్కకొచ్చి నడుము మీద గిల్లింది. కదల్లేదు. మెలిపెట్టి గిల్లింది. సురేంద్రబాబు ఊపిరి కూడా బిగబట్టి, పూల పందిరి కింద వస్తున్న అశ్విత మీదనుంచి కెమెరా తిప్పలేదు.

మరుసటి రోజు పొద్దున్నే విజయకుమారి కంప్యూటరు ముందు కూర్చుంది. జనం మండపంలోకి నడిచి వచ్చిన ముక్క మొత్తం, రాజమోహన్ మొదలు పురోహితుడిదాకా, నూట ఇరవై. మిగతా పెళ్ళంతా మామూలే. 'సరేలే, మామూలు వేగానికి తిప్పేస్తే గొడవ వదిలిపోద్ది' అనుకొని తిప్పింది.

అశ్విత నడిచి వచ్చింది. అడుగు అడుగుకూ ఒంపు. వెనక ఇద్దరు ఆడవాళ్ళు నగలు వదిలేసి కాలు చూస్తున్నారు. అది తెలిసి ఆ పిల్ల మొహం బిగుసుకుపోయింది. విజయకుమారికి ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ స్లో చేసింది. ఒంపు పోయింది! పట్టుచీర కుచ్చిళ్ళు తేలాయి, పూలు ఊగాయి, పిల్ల వాటితోపాటు ఊగింది. బిగుసుకున్న మొహం కూడా ఏదో ఆలోచనలో ఉన్నట్టు అందంగా కనిపించింది.

"ఏందయ్యా!" అని ఒక్క కేక వేసింది.

సురేంద్రబాబు ఇడ్లీతో సహా పరిగెత్తుకొచ్చాడు. "ఒట్టు తప్పినా. తప్పే. తిట్టు, తొందరగా తిట్టు, బేరం ఉండాది."

"తిట్టను. ఆ పిల్లను ఒక్కదాన్నే తియ్యొచ్చు గదా, అందర్నీ ఎందుకు తీసినావు?"

"ఒక్కదాన్నే తీస్తే, ఎందుకు తీసినాడని ఊరంతా అడగదా? అందరూ తేలతా ఉంటే ఎవురూ అడగరు. నన్ను తిట్టుకుంటారు, అంతే."

ఇంతకాలానికి ఆ మనిషి నిదానంగా చెప్పిన మాట అదొక్కటే. విజయకుమారి హర్ష పెళ్ళి వీడియో తెరిచింది. తుమ్ముకు కాస్త ముందుంది అసలు సంగతి. సుబ్బరత్నమ్మకు చేతులు వణుకుతాయి, గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు చీరమీదే. తెరమీద మాత్రం ఆ చేతులు పైకి లేచి, పూలు చల్లినట్టు అక్షింతలు చల్లాయి. ఆ పక్కనే, ఆ వరసలోనే, రాజమోహన్ ముక్కు అనుమానం పడింది.

"ఆ అవ్వ కోసమా ఈయన్ని బలిచ్చినావు?"

"ఆయనొచ్చి అడ్డంగా తుమ్మితే నేనేం జేసేది?"

మొగుడి మీద ఇంత ప్రేమ తనకు ఎప్పుడూ పొంగలేదని విజయకుమారికి అనిపించింది. స్లో అలాగే ఉంచింది. వీడియో ఇవ్వడానికి కలిగిరి తనూ వెళ్ళింది, తిట్లు తన వాటా తను తినడానికి.

రాజమోహన్ ఇల్లంతా హాల్లో చేరింది. కొత్త అల్లుడు, అశ్విత సోఫాలో కూర్చున్నారు. టీవీలో మొదట నడిచొచ్చింది రాజమోహనే. పొట్ట కుడికి పోయి, ఆలోచించుకొని, ఎడమకు వచ్చింది.

"సురేంద్రా!" అని లేచాడు.

"కూచోరా రాజా, అడ్డం!" అంది సుబ్బరత్నమ్మ.

తర్వాత పురోహితుడు, ఒక చెప్పు వదులై, ఒక పక్కకు ఒరిగి. ప్రశాంత్, కోడిపుంజులాగా మెడ ముందుకు వేసుకుంటూ. అల్లుడు తివాచీ అంచు తట్టుకొని ఎంతసేపటికీ పడకుండా, ఎంతసేపటికీ లేవకుండా. ఇల్లంతా పగలబడి నవ్వుతుంటే అశ్విత వచ్చింది పూల పందిరి కింద, అందరిలాగే ఊగుతూ. సోఫాలో ఉన్న అశ్విత అల్లుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కాలు చూసినవాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ లేరు.

"చూసినారా?" అంది సుబ్బరత్నమ్మ. "నిదానంగా చూస్తే అందరూ కుంటేవాళ్ళేరా!"

అశ్విత ముందుగా నవ్వింది. నవ్వి, "అన్నా, నేనొచ్చేది మళ్ళీ పెట్టు" అంది.

రాజమోహన్ కూతుర్ని చూశాడు. చీర కొంగులో వణుకుతున్న తల్లి చేతుల్ని చూశాడు. రోజూ అన్నం తిన్నాక ఆమె ఆ పెళ్ళి వీడియోలో ఏం చూసుకుంటుందో ఆయనకు అప్పుడు తట్టింది. మీసం సవరించుకున్నాడు.

"సురేంద్రా, ఆ హర్ష పెళ్ళిలో నా తుమ్ము తీసేయమని కొట్లాడినా గదా, తీసేసినావా?"

"తీసినానన్నా. మీరు చెప్పినాక తియ్యకుండా..."

"మళ్ళీ పెట్టు. అందరిదీ ఉండి నాది లేకపోతే ఎట్టా?"

విజయకుమారి సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. తుమ్ము అందులో భద్రంగానే ఉంది. టీవీలో రాజమోహన్ ముక్కు అనుమానం పడింది, మీసం లేచింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. సుబ్బరత్నమ్మ అందరికీ కాఫీ తెప్పించింది. తుమ్ము బయటికొచ్చేలోపల ఆ కాఫీ చల్లారిపోయింది.